నాయనమ్మ పచ్చబొట్టు

ఎడిన్‌బరో,
ఆదివారం రాత్రి

బాపుకు, అమ్మకు,

నేను మంచిగున్నాను. చలి మొదలైంది. ఫోన్‌లో చెబితే మధ్యలో మాట మారిపోతుందని ఈ ఉత్తరం రాస్తున్నా.

నిన్న ఇక్కడి పోర్ట్రెయిట్ గ్యాలరీకి పోయాను. 1889లో తెరిచిన ఎర్రరాతి భవనం, లోపలన్నీ మనుషుల ముఖాలే. హిల్ అనే చిత్రకారుడు, ఆడమ్సన్ అనే కుర్రాడు కలిసి 1843 నుంచి నాలుగైదేళ్లు తీసిన ఫొటోలు చూశాను. ఊరి పక్క న్యూహేవెన్ రేవులో చేపలమ్ముకునే ఆడవాళ్లు, చేపల గంపలతో, చారల పావడాలతో ఉన్నారు. ఆ చారలు చూడగానే మన వరంగల్ కొత్తవాడ జంపఖానాలే గుర్తొచ్చాయి. అప్పటి కెమెరాకు ఎండలో కదలకుండా ఉండాలట. వాళ్లలో కొందరి పేర్లు కూడా తెలుసు. గంప మోసిన మనిషి పేరు 180 ఏళ్ల తర్వాత నేను చదివాను బాపూ.

అప్పుడు మన ముందరింట్లో దండేసిన నాయనమ్మ ఫొటో కళ్లముందుకొచ్చింది. నిన్ను తప్పుపట్టడం లేదు. దినాలకు ఫొటో కావాలి, ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు మీదిదే. స్టూడియో అతను దాన్నే పెద్దది చేసి, ఆమె ఎన్నడూ కట్టని పట్టుచీర అతికించాడు, వెనక తోట పెట్టాడు, రంగు తెల్లగా చేశాడు. గడ్డం మీది మూడు పచ్చబొట్టు చుక్కలు మాత్రం మరకలనుకున్నాడేమో, తుడిచేశాడు. నేను చిన్నప్పుడు ఆ చుక్కల మీద వేలు పెట్టి అడిగితే నాయనమ్మ ఏమనేదో నీకు యాదికుందా? "నగలు ఈడనే ఉంటయి బిడ్డా, ఇదొక్కటే నా ఎంటొస్తది."

ఆరో నిజాం దగ్గర రాజా దీన్ దయాళ్ ఫొటోగ్రాఫర్‌గా ఉండి దొరల ముఖాలు ఎంతో గొప్పగా తీశాడు. మన ముత్తాతది మాత్రం ఒక్క ఫొటో కూడా లేదు. 2018లో వరంగల్ జంపఖానాలకు జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకన్న ముద్ర, వచ్చిందని ఇక్కడ అందరికీ చెప్పుకుంటాను. నేసిన మనిషిని చూపించమంటే నా ఫోన్‌లో ఏమీ ఉండదు.

అందుకే ఒక పని చెయ్యి. పెద్దబాపును మగ్గం మీద కూర్చున్నప్పుడు తియ్యి. పొద్దున తలుపు లోంచి వెలుగు పడే టైంలో, ఫ్లాష్ లేకుండా. ఫోన్‌లో ముఖం నున్నగా చేసే బ్యూటీ మోడ్ ఉంటుంది, తమ్ముడితో అది తీసేయించు. ఆయన గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుంటానంటాడు. అట్లా కూడా ఒకటి తియ్యి, కాదనకు. తర్వాత బనీను మీద, చేతిలో నాడెతో, సగం నేసిన జంపఖానాతో ఒకటి. వేళ్లు కనబడాలి. పక్కన పెద్దమ్మ కండెలు చుడుతుంటే ఆమెనూ తియ్యి, ఆమె సిగ్గుపడి లేచిపోకముందే. ప్రింటు తీయించి వెనక ఇద్దరి పేర్లు, వాడ పేరు, సంవత్సరం రాయి. పెద్దబాపు, పెద్దమ్మ అని కాదు, సొంత పేర్లు.

ఇంకోటి. సందుకలో చిన్నత్త పెళ్లి ఫొటోలుండాలి. ఒకదాంట్లో నాయనమ్మ చివర్న, చేతిలో హారతి పళ్లెంతో నిలబడి ఉంటుంది. చెమ్మకు మరకలు పడి ఉన్నా స్టూడియోకు ఇయ్యొద్దు, తుడవొద్దు. ఎట్లున్నదట్లా ఫోన్‌తో దగ్గరగా తీసి పంపు. చుక్కలు కనిపిస్తున్నాయేమో చూస్తాను.

మీ బిడ్డ