దూదిపోగుతో మా నాన్నగారి కుష్ఠు వ్యాధిని పట్టుకున్న వారికి కృతజ్ఞతలు

మా నాన్నగారి అనుమతితో, ఆయన కోరిక మీదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మా ఊరి ఆశా కార్యకర్తకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి, జిల్లా ఆసుపత్రిలోని చర్మవ్యాధుల నిపుణురాలికి మా కుటుంబం ఋణపడి ఉంది.

నిరుడు సంక్రాంతి నాటికి నాన్నగారి కుడి మోచేతి కింద రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ కనిపించింది. దురద లేదు, నొప్పి లేదు. మందుల దుకాణంలో తామర అని ట్యూబు ఇచ్చారు. ఆ తర్వాత చూపించిన ఒక వైద్యుడు శోభి అన్నారు. ఎనిమిది నెలలు పూతమందులతోనే గడిచిపోయాయి. ఈలోగా వేడి టీ గ్లాసు పట్టుకుని చిటికెన వేలు బొబ్బలెక్కినా ఆయనకు తెలియలేదు. పొలం పనికి మొరటుదేరిన చెయ్యి కదా అని మేమూ ఊరుకున్నాము. ఆ బొబ్బ ఎంత పెద్ద సూచనో ఇప్పుడు తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

కుష్ఠు లక్షణాలున్న వారిని గుర్తించడానికి ఇంటింటికీ తిరుగుతూ వచ్చిన ఆశా కార్యకర్త ఆ మచ్చను చూసి, దూదిని సన్నని పోగుగా చేసి, "కళ్ళు మూసుకోండి పెదనాన్నా, నేను ఎక్కడ ముట్టుకుంటే అక్కడ వేలు పెట్టండి" అన్నారు. భుజం మీద తాకితే భుజాన్ని, మణికట్టు మీద తాకితే మణికట్టును నాన్నగారు సరిగ్గా చూపించారు. మచ్చ మీద మూడుసార్లు తాకినా ఆయన వేలు కదలలేదు. "ఇంకా ముట్టుకోలేదేం అమ్మాయీ?" అని అడిగారు.

మరునాడు వైద్యాధికారి చొక్కా విప్పించి, కిటికీ వెలుతురులో నిలబెట్టి చూస్తే వీపు మీద మరో ఆరు మచ్చలు బయటపడ్డాయి. మోచేతి వెనుక నరం తాడులా దళసరెక్కి ఉంది. జిల్లా ఆసుపత్రిలో చెవి తమ్మె నుంచి చర్మరసం తీసి పరీక్షించిన నిపుణురాలు, ఎంతోమంది రోగులు వరుసలో ఉన్నా, మాకు ఓపికగా విడమరచి చెప్పారు. తామర అయితే అంచు ఎర్రగా వలయంలా లేచి పొట్టు రాలుతూ దురద పెడుతుందనీ, శోభి మచ్చను గీరితే సన్నని పొట్టు వస్తుందనీ, బొల్లి పాలలా తెల్లబడినా స్పర్శ పోదనీ, కుష్ఠు మచ్చ పూర్తిగా తెల్లబడకుండా పాలిపోయి గానీ రాగిరంగులో గానీ ఉండి చాలావరకు స్పర్శ కోల్పోతుందనీ వివరించారు. ముఖం మీది మచ్చల్లో స్పర్శ మిగిలి ఉండవచ్చు కాబట్టి, ఆ ఒక్క గుర్తు లేదని వ్యాధి కాదనుకోకూడదని కూడా హెచ్చరించారు.

మచ్చలు ఐదుకు మించినందున 12 నెలల చికిత్స మొదలుపెట్టారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స ఇదే, ప్యాకెట్లన్నీ ఉచితం. మూత్రం ఎర్రబడుతుందనీ, చర్మం నల్లబడుతుందనీ ముందే చెప్పడంతో మేము బెదిరిపోలేదు. నరం వాపుకు వేరే మాత్రలు ఇచ్చారు. కంచం, గ్లాసు వేరు చేయాలా అని అమ్మ కన్నీళ్ళతో అడిగినప్పుడు, మందు మొదలైన కొద్ది రోజులకే వ్యాధి సోకే గుణం పోతుందని, ఏదీ వేరు చేయనక్కరలేదని ఆ డాక్టరమ్మ నాన్నగారి చెయ్యి పట్టుకునే చెప్పారు. ఆమె చెప్పిన మాటకన్నా ఆ చెయ్యి పట్టుకోవడమే మా అమ్మకు ఎక్కువ ధైర్యమిచ్చిందని నా నమ్మకం.

మొన్ననే పదో ప్యాకెట్టు పూర్తయింది. చిటికెన వేలికి కొద్దికొద్దిగా స్పర్శ తిరిగి వస్తోంది, టీ గ్లాసు వేడి తెలుస్తోంది. ఆ సంగతి ఆశా కార్యకర్తకు తానే స్వయంగా చెప్పాలని, ఆమె మా గుమ్మంలోకి వచ్చేదాకా నాన్నగారు మమ్మల్నెవరినీ నోరు విప్పనివ్వలేదు.