గ్రోత్ హార్మోన్ లోపం పెద్దవాళ్ళకీ వస్తుంది, దాని గురించీ రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆరోగ్యం పేజీలో గ్రోత్ హార్మోన్ అనగానే పిల్లల ఎత్తు గురించే వస్తుంటుంది, అదీ అవసరమే, కానీ ఎత్తు పెరగడం ఆగిపోయిన పెద్దవాళ్ళక్కూడా ఆ హార్మోన్ కావాలని, అది తగ్గితే కండ తగ్గి పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుందని, ఎముకలు బలహీనపడతాయని, ఎంత పడుకున్నా ఓపిక రాదని మన గుంటూరు, విజయవాడల్లో చెప్పేవాళ్ళే తక్కువ.

మా వదినకి రెండో కాన్పులో బ్లీడింగ్ బాగా అయ్యి రక్తం ఎక్కించారు. ఆ తర్వాత బిడ్డకి పాలు పడలా, నెలసరి మళ్ళీ రాలా. ఏళ్ళ తరబడి ఒకటే నీరసం, ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునేది. వెళ్ళిన చోటల్లా టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష ఒక్కటి చేసి నార్మల్ అన్నారు, ఐరన్ టానిక్ రాసి పంపించారు. చివరికి ఒక ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) గారు రిపోర్టుల ఫైలు పక్కన పెట్టేసి "కాన్పులో రక్తం ఎక్కువ పోయిందామ్మా, పాలు పడ్డాయా" అని అడిగారు. అంతకుముందు ఎవరూ ఆ మాట అడగలేదండి! దాన్ని షీహన్ సిండ్రోమ్ అంటారంట, గ్రోత్ హార్మోన్‌తో పాటు థైరాయిడ్‌ని, నెలసరిని, పాలు పడటాన్ని నడిపించే హార్మోన్లు తయారయ్యేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలోనే, గర్భంతో ఉన్నప్పుడు అది పెద్దదవుతుంది, కాన్పులో రక్తం విపరీతంగా పోతే దానికి రక్తం అందక దెబ్బతింటుంది. అలా దెబ్బతిన్నప్పుడు టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనిపించొచ్చు, పక్కన ఫ్రీ టీ4 (రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోన్) కూడా చూస్తేనే అసలు సంగతి బయటపడేది. ఎమ్మారైలో ఆ గ్రంథి ఉండాల్సిన చోటు దాదాపు ఖాళీ. కార్టిసాల్ (ఒంట్లోనే తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్) కూడా తక్కువుందని ముందు స్టెరాయిడ్ మాత్ర మొదలుపెట్టి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర ఇచ్చారు, ఇది తిరగబడితే ప్రాణం మీదకొస్తుంది.

ఇంక గ్రోత్ హార్మోన్ పరీక్ష సంగతి. ఈ హార్మోన్ రోజంతా ఒకేలా ఉండదు, ఉండుండి విడుదలవుతుంది, ఎక్కువ భాగం రాత్రి గాఢనిద్రలోనే. పగలు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి తీసినా దాదాపు సున్నా రావొచ్చు, కాబట్టి ఒక్కసారి రక్తం తీసి తక్కువుందని చెప్పి ఇంజెక్షన్లు మొదలుపెట్టమంటే నమ్మొద్దు. గ్రోత్ హార్మోన్ వల్ల లివర్‌లో తయారయ్యే ఐజీఎఫ్-1ని కొలిచే పరీక్ష కొంత దారి చూపిస్తుంది, అది కూడా లివర్ జబ్బున్నా, సరిగ్గా తినకపోయినా, షుగర్ అదుపులో లేకపోయినా తగ్గుతుంది, నార్మల్ వచ్చినంత మాత్రాన లోపం లేదనీ కాదు. తేల్చేది స్టిమ్యులేషన్ టెస్ట్, అంటే మందిచ్చి హార్మోన్ ఎంత విడుదలవుతుందో చూడటం. ఇన్సులిన్ ఇచ్చి షుగర్‌ని 40 కంటే కిందకి దించి చూసేది ఒకటి, ఒళ్ళంతా చెమటలు, వణుకు, పక్కనే డాక్టర్ గ్లూకోజ్ పెట్టుకుని ఉండాలి, ఫిట్స్, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి చెయ్యరు. అలాంటివాళ్ళకి గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇచ్చి మూడు నాలుగు గంటలపాటు విడతలవారీగా రక్తం తీస్తారు, కడుపులో తిప్పుతుంది గానీ తట్టుకోగలరు. మా వదినకి మాత్రం ఇదేదీ చెయ్యలేదు, పిట్యూటరీ హార్మోన్లు ఇంకో మూడు పడిపోయి ఐజీఎఫ్-1 కూడా తక్కువుంటే ఆ టెస్టు అక్కర్లేదంట.

కాన్పు ఒక్కటే కాదు, బైక్ మీంచి పడి తలకి గట్టి దెబ్బ తగిలినా, పిట్యూటరీ గడ్డకి ఆపరేషన్ చేసినా, తలకి రేడియేషన్ ఇచ్చినా ఇది రావొచ్చు. రక్తపింజర కాటేస్తే కిడ్నీ గురించి అందరూ చూస్తారు, కానీ ఆ విషం పిట్యూటరీని కూడా దెబ్బతీయొచ్చు, నెలలకో ఏళ్ళకో బయటపడుతుంది. మన డెల్టా పొలాల్లో పనిచేసేవాళ్ళకి ఇది తెలియాలి కదండీ. పాత డిశ్చార్జ్ కాగితాలు పారేయకుండా డాక్టర్‌కి చూపించమని కూడా రాయండి.

ఒక ఎండోక్రైనాలజిస్ట్ గారితో దీనిమీద వివరంగా రాయించి జిల్లా పేజీలో వేయండి. పల్లెల్లో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు చదువుతారు, కాన్పయ్యాక ఇంటికొచ్చి తల్లిని చూసేది వాళ్ళే.

ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు