గ్లాసుకి తెలుగేంటని అడిగావు కదా

ఒరే సూరిబాబూ,

ఇక్కడ అందరం కులాసా. నువ్వడిగిన గలాసుకి ఈ కులాసా దగ్గరి చుట్టంలా వినపడుతుంది గానీ చుట్టరికమేమీ లేదు. ఇది అరబ్బీ ‘ఖులాసా’. అక్కడ సారాంశం అని అర్థం. హిందీవాళ్లు ఇప్పటికీ గుట్టు విప్పి చెప్పడాన్ని ఖులాసా అంటారు. మన ఉత్తరాల్లోకొచ్చేసరికి ఒళ్లూ మనసూ హాయిగా ఉండటమైంది.

ఇక గ్లాసు. దానికి తెలుగేంటన్నావు. నన్నడిగితే గ్లాసే తెలుగు. ఇంగ్లీషులో అది ముందు పదార్థం పేరు, తర్వాతే పాత్ర పేరు. మనం పాత్రని ఉంచుకుని పదార్థాన్ని వదిలేశాం. అందుకే స్టీలు గ్లాసు, వెండి గ్లాసు, కాగితం గ్లాసు అంటే మనకేమీ ఎబ్బెట్టుగా ఉండదు. గాజుదే కావాలంటే గాజు గ్లాసని విడిగా చెప్పుకోవాలి. జనసేన ఎన్నికల గుర్తు పేరు కూడా గాజు గ్లాసే చూడు. ఇంకో రుజువు కావాలా? గ్లాసెడు మజ్జిగ. గుప్పెడు, చెంబెడు, సోలెడు వరసలో ఈ పరాయి మాట కూడా ‘ఎడు’ తగిలించుకుని కూర్చుంది. ఇంతకంటే ఏం తెలుగవ్వాలి? గకీ లకీ మధ్య ఓ అచ్చు దూరితే గలాసు, అటు హైదరాబాదు వైపు గిలాసు. ఆ గిలాసుని కాశ్మీరు దాకా తీసుకెళితే చెర్రీపండై పోతుంది, కానీ అది వేరే మాట, పారశీకం.

అనువాదంలో తప్పులొచ్చేది ఇక్కడే. ఇంగ్లీషు ఒక్కమాటకి మనకి మూడున్నాయి. పదార్థం గాజు, తాగేది గ్లాసు, పలకలా ఉండేది అద్దం. కళ్లకి పెట్టుకునేవి కళ్లద్దాలో కళ్లజోడో అవ్వాలి. కిటికీవి పగిలితే ‘గాజులు పగిలాయి’ అని రాసేవాళ్లున్నారు. గాజు బహువచనమైతే చేతికి తొడుక్కునేవే! కిటికీవి అద్దాలు. ఆ అద్దంతోనూ చిక్కుంది. కారు సైడద్దం పోయిందంటే షెడ్డులో మెకానిక్కు వెనక బళ్లు చూసుకునేదా, తలుపుదా అని అడుగుతాడు. అందుకే వాళ్లు ఒకటి మిర్రరు, రెండోది డోర్ గ్లాసు అంటారు. ఫోనుకి అతికించే టెంపర్ గ్లాసు కూడా అంతే. ఓసారి వదిలేసిన పదార్థం అర్థం ఇలా దొడ్డిదారిన మళ్లీ వస్తోంది.

గాజు మాత్రం పాతకాపు. సంస్కృత ‘కాచ’ నుంచి వచ్చింది. పలకడం గాౙు, పళ్లకి తగిలే ౙ. ‘రాజు’లో జ పెట్టి పలికితే ఎవరో పొరుగూరి మనిషనుకుంటారు. తమాషా ఏమిటంటే ఈ మాట కూడా గ్లాసు చేసిన పనే చేసింది. చేతికుండే ఆకారానికి పేరైపోయి, బంగారు గాజులకీ సరిపోయింది. దాంతో అసలు గాజుతో చేసినవాటికి ఇంకో పేరు కావాల్సొచ్చి మట్టి గాజులన్నాం. మట్టి ఎక్కడా ఉండదు, అంతా గాజే. ముత్తయిదువ చేతిది విరిగినా పగిలిందనరు, పెరిగిందంటారు, దీపం కొండెక్కినట్టే.

చేతి గాజుల కొలత దగ్గర చాలామంది బోల్తా పడతారు. 2-4 అంటే రెండంగుళాల మీద పదహారింట నాలుగో వంతులు, అంటే లోపలి అడ్డకొలత రెండుంపావు అంగుళాలు, దాదాపు 57 మిల్లీమీటర్లు. 2-6 అయితే 60, 2-8 అయితే 63న్నర. గీత బదులు చుక్క పెట్టి 2.4 అని దశాంశంలా లెక్కేస్తే 61 వస్తుంది, 2-6 కంటే పెద్దది! చేతికి తొడిగితే జారిపోతుంది. అలాగే 2-10 అన్నది 2-8 కంటే పెద్దది, చుక్క పెట్టి చదివితే చిన్నదనిపిస్తుంది.

ఇక సీసా అన్న మాట పారశీక ‘శీషా’, అక్కడ గాజు అనే అర్థం. సీసం లోహం సంస్కృతం, సీసపద్యం ఇంకో దారి. క్రిస్టల్ అని అమ్మే బరువైన గాజులో సీసం కలుపుతారు గానీ, ఆ మాటల పోలిక వట్టి కాకతాళీయం.

యాసలో సంగతి క్లుప్తంగా. గ్లాసెత్తాడంటే మందు మొదలెట్టాడని. క్లాసుమేట్లు కాదు, గ్లాసుమేట్లు అని ఎకసెక్కం. క్లాసు పీకడమంటే నిలబెట్టి చీవాట్లు పెట్టడం. ఇంగ్లీషు గ్రాసూ మన పశుగ్రాసమూ ఒకటేననే వాదం నీకూ వినపడే ఉంటుంది, గడ్డే కదా అని. కాదురా. మన గ్రాసం అంటే ముద్ద, మింగేది. వ్యాధిగ్రస్తుడిలో ఉన్నదీ ఆ ధాతువే.

అద్దం ‘ఆదర్శం’ నుంచి దిగింది. అద్దరాత్రిలో ఉన్నది మాత్రం అర్ధం, సగం. అద్దరి ఇంకా వేరు, ఆ దరి. గోదావరి ఒడ్డున కోటిపల్లి రేవులో నిలబడితే ముక్తేశ్వరం అద్దరి.

అన్నట్టు చెల్లెమ్మకి మట్టి గాజులు కావాలన్నావు, కొలత రాయి. చుక్క పెట్టకు, గీత పెట్టు.

నీ
రాంబాబు