తక్కువ డబ్బులో డీఎస్‌ఎల్‌ఆర్: బేరం లెన్స్ దగ్గర మొదలుపెట్టాలి

సంపాదకులకు,

అయ్యా,

పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఒకరి తర్వాత ఒకరు లోపల అద్దం లేని కొత్తరకం కెమెరాలకు, అంటే మిర్రర్‌లెస్‌కు మారిపోతున్నారు. వాళ్లు వదిలించుకుంటున్న, అద్దం ఉన్న పాతరకం డీఎస్‌ఎల్‌ఆర్‌లు విజయవాడ, గుంటూరు దుకాణాల్లోకీ, ఆన్‌లైన్ బేరాల్లోకీ వచ్చి చేరుతున్నాయి. ఫొటోగ్రఫీ నేర్చుకుందామనుకునే కాలేజీ పిల్లలకు, చిన్నచిన్న ఫంక్షన్లు ఒప్పుకుని నాలుగు డబ్బులు చూద్దామనుకునే కుర్రాళ్లకు ఇది మంచి అదను. కాకపోతే కొనేవాళ్లు వేసే మొదటి ప్రశ్న 'ఎన్ని మెగాపిక్సెల్?' అన్నదే. డబ్బు తక్కువున్నప్పుడు ముందు తేల్చుకోవాల్సినవి రెండు: ఏ వెలుతురులో తీస్తాం, ఎంత దూరం నుంచి తీస్తాం. వాటినిబట్టి లెన్స్ ఎంచుకుని, మిగిలిన డబ్బుకు వచ్చే బాడీ (లెన్స్ లేని కెమెరా) తీసుకోవాలి. మన దగ్గర ఇది తలకిందులుగా జరుగుతోంది.

మెగాపిక్సెల్ సంగతి ఒక్క లెక్కతో తేలిపోతుంది. కరిజ్మా ఆల్బమ్‌లో 12×36 అంగుళాల జంట పేజీలో ఒక్కో సగం 12×18. పాత 18 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే ఫొటో వెడల్పు 5184 చుక్కలు. దాన్ని 18 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 288 చుక్కలు వస్తాయి. 24 మెగాపిక్సెల్‌తో 333 వస్తాయి. చేత్తో పట్టుకుని చూసే ఆల్బమ్‌లో ఆ తేడా ఎవరికీ కనపడదు. కాబట్టి 18 ఉన్నా చాలు. ఆ చర్చ అక్కడితో ఆపేయొచ్చు.

అసలు కష్టం రాత్రి పెళ్లిలో వస్తుంది. ఫంక్షన్ హాల్లో స్టేజీ మీద తప్ప మిగతా చోట్ల వెలుతురు అంతంతమాత్రం. కెమెరాతోపాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను 55 దాకా జూమ్ చేస్తే ఎపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ 5.6 కన్నా తెరుచుకోదు. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దానికి దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి పంపుతుంది. ఎఫ్ 1.8 దగ్గర ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురును పట్టే చురుకు) 1600, షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) సెకనులో 125వ వంతు సరిపోయే చోట, కిట్ లెన్స్‌తో అదే షట్టర్ కావాలంటే ఐఎస్‌ఓ 16000 దాకా పోవాలి. కానన్ 1500డి మామూలు ఐఎస్‌ఓ 6400తో ఆగిపోతుంది. ఇక మిగిలిన దారి షట్టర్ వేగాన్ని 50వ వంతుకు దించడం. తలంబ్రాలు పోసే చేతులు అప్పుడు మసకబారిపోతాయి. 'లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా' అని దుకాణంలో సర్దిచెబుతారు. అది మన చేతి వణుకును ఆపుతుందే తప్ప, పెళ్లికూతురి చెయ్యి కదలకుండా ఆపలేదు.

అలాగని అందరూ 50 ఎంఎం కొనేయమని కాదు. 1500డి, 200డి, నికాన్ డి3500, డి5600 లాంటి కెమెరాల్లో సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే పలక) చిన్నది, అందుకే ఫొటోలో దృశ్యం తక్కువ పడుతుంది. ఎంత వెడల్పు పడుతుందో కొనేముందు లెక్క వేసుకోవాలి. కెమెరా అడ్డంగా పట్టుకుని పది అడుగుల దూరం నుంచి తీస్తే, కానన్‌లో 50 ఎంఎంకి పట్టేది నాలుగున్నర అడుగుల వెడల్పు. దంపతులిద్దరు పడతారు, పక్కన నిలబడ్డ మేనమామ పడడు. నికాన్‌లో 35 ఎంఎంకి ఆరున్నర అడుగులకు కాస్త పైన వస్తుంది. కానన్ 24 ఎంఎం ఎఫ్ 2.8కి తొమ్మిది అడుగుల పైచిలుకు, కిట్ లెన్స్ 18 దగ్గర పన్నెండు అడుగులు. అపార్ట్‌మెంట్ హాల్లో బారసాల తీసేవాళ్లకు 50 ఎంఎం పనికిరాదు, వెనక్కి జరగడానికి గోడ అడ్డం వస్తుంది. కానన్ వాడేవాళ్లకు 24 ఎంఎం, నికాన్ వాడేవాళ్లకు 35 ఎంఎం ఎఫ్ 1.8 మేలు. ఒక మనిషిని నిలబెట్టి తీసే ఫొటోలు ఎక్కువనుకుంటే 50 ఎంఎం.

ఇంకొక చిక్కుంది. 50 ఎంఎంతో ఎఫ్ 1.8 దగ్గర పదడుగుల దూరంలో స్పష్టంగా వచ్చే లోతు పది అంగుళాలే. ఐదడుగులకు దగ్గరైతే రెండున్నర అంగుళాలు. పెళ్లికూతురి కంటి మీద ఫోకస్ పెడితే అర అడుగు వెనక కూర్చున్న పెళ్లికొడుకు మసకగా వస్తాడు. 'లెన్స్ చెడిపోయింది' అని తిరిగి తెచ్చేవాళ్లలో చాలామంది లెన్స్‌లు బాగానే ఉంటాయి. ఇద్దరున్న ఫొటోకు ఎఫ్ 2.8 లేదా ఎఫ్ 4 పెట్టుకోవాలి.

హాల్లో చవక ఎల్‌ఈడీ లైట్లుంటే ఫొటోలో అడ్డంగా నల్లటి చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షట్టర్‌ను 100వ వంతుకో 50వ వంతుకో మారిస్తే చారలు చాలావరకు పోతాయి. దీనికోసం బాడీ మార్చనక్కర్లేదు.

నికాన్ కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మోటార్ దగ్గర. డి3000, డి5000 వరుసల కెమెరాల బాడీలో ఫోకస్ మోటార్ ఉండదు. డి90, డి7000, డి7100, డి7200ల్లో ఉంటుంది. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పి అనో ఉంటే మోటార్ లెన్స్‌లోనే ఉన్నట్టు. చవకగా దొరుకుతోంది కదా అని 50 ఎంఎం ఎఫ్ 1.8డి కొని డి3500కి తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఆ డి రకం లెన్స్‌ల ఎపర్చర్ రింగును ఎఫ్ 22 దగ్గర పెట్టి తాళం వెయ్యకపోతే కెమెరా ఎఫ్‌ఈఈ అని చూపించి మొరాయిస్తుంది. అది రిపేరు కాదు. తిరగేసిన చిక్కూ ఒకటుంది: కొత్తరకం ఏఎఫ్-పి లెన్స్‌ను డి3100, డి3200, డి5100, డి7000, డి90 లాంటి పాత బాడీలకు పెడితే ఫోకస్ అసలు పనిచెయ్యదు. రేపు మిర్రర్‌లెస్‌కు మారినా, పాత లెన్స్‌లను దానికి తగిలించే నికాన్ అడాప్టర్ ఎఫ్‌టీజెడ్‌లో మోటార్ లేదు. ఏఎఫ్-ఎస్ లెన్స్ కొంటే అప్పుడూ పనికొస్తుంది. కానన్‌లో ఈ గొడవ లేదు, ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్స్‌లన్నిటికీ మోటార్ లోపలే ఉంటుంది. అయితే ఈఎఫ్-ఎస్ లెన్స్ 6డి, 5డి లాంటి పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు తగలదు.

'రెండు లెన్స్‌ల సెట్' అంటే పొంగిపోకండి. ఆ రెండో లెన్స్ కానన్ 55-250 ఐఎస్ (ఐఎస్ అంటే స్టెబిలైజేషన్) అయితే సంతోషంగా తీసుకోవచ్చు. 75-300 మూడో రకం అయితే అందులో స్టెబిలైజేషన్ లేదు, 300 దగ్గర బొమ్మ పదునుగా రాదు. ఉప్పలపాడు చెరువులో గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని తీయాలనుకునేవాళ్లకు 250 ఎంఎం చక్కగా సరిపోతుంది, చెట్లు గట్టుకు దగ్గర్లోనే ఉంటాయి. ఎగిరే పక్షికి షట్టర్ సెకనులో 1000వ వంతుకు తగ్గకూడదు. వాలిన పక్షిని 250 ఎంఎంతో చేత్తో పట్టి తీస్తే, స్టెబిలైజేషన్ లేనప్పుడు 400వ వంతు కావాలి. కిట్ లెన్స్‌లో కూడా ఐఎస్ లేని రకం ఉంది, అంచు మీద రాసినది చదువుకోండి.

బాడీల గురించి కొద్దిగా. కానన్ 1500డి, 3000డిలకూ, నికాన్ డి3500కూ బయటి మైక్ పెట్టుకునే రంధ్రం లేదు. యూట్యూబ్ వీడియోలు తీద్దామనుకునేవాళ్లు వాటిని వదిలేసి కానన్ 200డి, 800డి, 70డి, 80డిల్లో ఏది మంచి స్థితిలో దొరికితే అది చూడాలి. వీటన్నిటికీ మైక్ రంధ్రముంది, వీడియోలో ఫోకస్ కూడా తడుముకోకుండా పడుతుంది. 3000డిలో లెన్స్ తగిలించే కట్టు కూడా ప్లాస్టిక్‌దే, పదేపదే లెన్స్ మార్చేవాళ్లకు నా ఉద్దేశంలో అది వద్దు. 1500డి, 3000డి, 200డి మార్క్ 2 కొనేముందు ఫ్లాష్ తగిలించే షూ చూడండి. వాటిలో మధ్య పిన్ను తీసేశారు. ఒక్క మధ్య పిన్నుతో పనిచేసే, దూరంగా ఉన్న ఫ్లాష్‌ను వెలిగించే చవక ట్రిగ్గర్లు, పాత మాన్యువల్ ఫ్లాష్‌లు వాటి మీద వెలగవు. స్టూడియో లైట్లు వాడేవాళ్లకు ఇది పెద్ద లోటే. ఆ పిన్ను తీసి ఎంత మిగుల్చుకున్నారో కంపెనీకే తెలియాలి.

చేతిలో ఉన్న డబ్బును పది పాళ్లు చేస్తే బాడీకి ఐదు దాటనివ్వొద్దు. లెన్స్‌లకు మూడున్నర, మిగిలిన ఒకటిన్నర మెమరీ కార్డుకు, రెండో బ్యాటరీకి, లెన్స్ దాచే పెట్టెకు.

సెకండ్ హ్యాండ్ కెమెరా చూడ్డానికి వెళ్లేటప్పుడు సొంత మెమరీ కార్డు, చిన్న టార్చి, వీలైతే ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. పట్టపగలు చూడండి. మొదట లెన్స్‌ను బాడీ నుంచి విప్పించి, వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడాలి, తర్వాత అటుదిటు. సాలెగూడు పోగుల్లాంటివి కనపడితే ఫంగస్. అంచున ఉన్నా సరే తీసుకోవద్దు. శుభ్రం చేయించినా అది గాజు మీది పూతను తినేసి ఉండొచ్చు, అప్పుడు ఎదుటి లైటు పడ్డప్పుడల్లా ఫొటో పాలిపోతుంది. నాలుగు దుమ్ము రేణువులుంటే పట్టించుకోనక్కర్లేదు. జూమ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ ప్రతిచోటా ఒక ఫొటో తీయండి. కానన్‌లో మధ్యలో ఎక్కడైనా ఎర్ 01 అనే తప్పు సంకేతం వస్తే ముందు లెన్స్ వెనక ఉన్న బంగారు రంగు చుక్కల్ని పొడిగుడ్డతో తుడిచి చూడండి. అయినా వస్తుంటే లోపలి రిబ్బను తీగ తెగుతూ ఉండొచ్చు.

తర్వాత బాడీ. ఎపర్చర్ ఎఫ్ 16 పెట్టి తెల్లగోడనో ఆకాశాన్నో తీస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. దుమ్మైతే పోతుంది, గీతైతే పోదు. షట్టర్‌ను 4000వ వంతుకు పెట్టి బాగా వెలుతురున్నచోట వరసగా పది ఫొటోలు తీసి, ఫొటోకు పైన గానీ కింద గానీ నల్లపట్టీ వస్తుందేమో చూడండి. వస్తే షట్టర్ అలిసిపోయిందన్నమాట. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందన్న లెక్క నికాన్‌లో అయితే కెమెరా నుంచి నేరుగా తీసిన జేపెగ్ ఫైల్లోనే దొరుకుతుంది. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో దొరకదు. కానన్‌లో చాలా మోడళ్లకు కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి చూడాలి. నికాన్ డి7200 షట్టర్‌ను లక్షన్నర సార్లకు పరీక్షించామని కంపెనీ చెబుతుంది, కానన్ 80డికి లక్ష. పెళ్లిళ్లు తిరిగిన కెమెరా ఆ అంకె దాటి ఉండటం వింతేమీ కాదు. దాటిన వెంటనే ఆగిపోదు గానీ, ధర ఆ మేరకు తగ్గాలి. వీడియోకు ఎక్కువగా వాడిన కెమెరాలో ఈ అంకె తక్కువే కనిపిస్తుంది, దాన్ని నమ్మి మోసపోవద్దు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీల్లో రోజుల తరబడి నిలిచింది. ఇళ్లలో, స్టూడియోల్లో నీళ్లు తాగిన సామాను అప్పటికప్పుడు ఆరబెట్టుకుని పనిచేసినా, తుప్పు తర్వాత లోపల పని మొదలుపెడుతుంది. బ్యాటరీ గదిలో ఆకుపచ్చటి పొర, కింద స్క్రూల తల మీద తుప్పు, తెర అంచున నీటి మరక, వ్యూఫైండర్‌లో పొగమంచు లాంటి మసక, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటున్నా ఎంత చవకైనా వద్దు.

కొన్న తర్వాత చాలామంది లెన్స్‌ను బ్యాగులో పెట్టి బీరువాలో దాస్తారు. కృష్ణ ఒడ్డు ఊళ్లలో వానాకాలం గాలిలో తేమ ఎక్కువ, బ్యాగులోని స్పాంజి, గుడ్డ దాన్ని పట్టి ఉంచుతాయి. ఫంగస్‌కు అంతకన్నా మంచి చోటు లేదు. గాలి చొరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అందులో 200 గ్రాముల సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు చాలు. మీటరు 40, 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటుతుంటే జెల్ మార్చాలి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే సన్నని సెగ మీద మళ్లీ నీలం వచ్చేదాకా వేడిచేయాలి. అయితే ఆ రంగులో కోబాల్ట్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి వంట మూకుడు వాడకుండా దీనికి వేరే పాత్ర పెట్టుకోండి. కొందరు బియ్యంలో పెడతారు, ఆ తవుడు లెన్స్ సందుల్లోకి పోతుంది. కలరా ఉండలు కూడా వద్దు. వేసవిలో ఏసీ హాల్ నుంచి బయటికొచ్చేటప్పుడు కెమెరాను జిప్పు వేసిన బ్యాగులోనే ఇరవై నిమిషాలు ఉంచితే గాజు మీద చెమ్మ పట్టదు.

చివరగా రెండు నగరాల వ్యాపారులకు ఒక విన్నపం. పాత కెమెరా అమ్మినప్పుడు ఇచ్చే చీటీ మీద 'కెమెరా ఒకటి' అని రాసి వదిలేయకుండా మోడల్, బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబరు, లెన్స్ సీరియల్ నంబరు, ఆనాటి షట్టర్ లెక్క, ఎన్నిరోజుల్లోపు తిరిగి తీసుకుంటారో రాసి ముద్ర వెయ్యాలి. ఐదు నిమిషాల పని. దొంగసొత్తు చేతులు మారితే కొన్నవాడితోపాటు అమ్మినవాడూ స్టేషన్ మెట్లెక్కాల్సి వస్తుంది కాబట్టి అది వాళ్లకూ రక్షణే. కొనేవాళ్లు ఆ నంబర్లను కెమెరాతో, పెట్టెతో, పాత బిల్లుతో సరిపోల్చుకున్నాకే డబ్బు చేతిలో పెట్టాలి.

ఇట్లు,
ఒక ఫొటోగ్రఫీ శిక్షకుడు,
బ్రాడీపేట, గుంటూరు