చోక్ మీద నిలబడ్డ లైటు

మిలాన్

నాన్నకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాక మనసు కుదుటపడింది. మొన్న ఫోన్లో మీరు “ఎప్పుడో డెబ్బై ఏళ్ల కిందటి లైటుని మళ్లీ చేసి అమ్మడమేంటమ్మా, కొనేవాళ్లుంటారా?” అని అడిగారు. ఎదురుగా కస్టమర్ ఉండటంతో సరిగ్గా చెప్పలేకపోయాను. తెనాలిలో అన్ని ఇళ్లకి వైరింగ్ చేసిన మీకు ఈ సంగతి గబగబా చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు.

ఆ లైటుకి పేరు లేదు, నంబరే: 1063. 1954లో జీనో సర్ఫాత్తి చేశాడు. వెనిస్‌లో పుట్టాడు. విమానాల ఇంజినీరింగ్ చదువుతుంటే ఇంట్లో వ్యాపారం దెబ్బతిని చదువు ఆగిపోయింది. మిలాన్ వచ్చి 1939లో ఆర్తెలూచే అనే కంపెనీ పెట్టాడు. యుద్ధంలో కుటుంబంతో స్విట్జర్లాండ్ పారిపోవాల్సి వచ్చింది. తిరిగొచ్చి మళ్లీ పనిలో పడ్డాడు. మొత్తం 600కు పైగా లైట్లు రూపొందించాడు.

1063 అంటే ట్యూబ్‌లైటే నాన్నా. మన హాల్లో గోడకి అడ్డంగా ఉండేది ఇక్కడ నేలమీద నిలువుగా, మనిషికన్నా ఎత్తుగా నిలబడింది. వెనకాల సన్నటి రేకు, అంతే. అంత పొడుగు, అంత సన్నం, పడిపోదా? ట్యూబ్‌కి వెళ్లే కరెంటుని అదుపు చేసే చోక్‌ని తెచ్చి అడుగున పెట్టాడు. ఆ బరువే దాన్ని నిలబెడుతుంది. మీరు చోక్ కొనేటప్పుడు అరచేతిలో పెట్టుకుని, బరువు చూసి లోపల రాగి ఎంతుందో చెప్పేవారు కదా. అందరూ పట్టీ వెనక దాచేసే ఆ బరువుతో ఇంకో పని చేయించుకోవచ్చని ఆయనకి తట్టింది. మీరు చూస్తే ఒక్క నిమిషంలో పట్టేస్తారు.

పాతది ఒకటి మా వర్క్‌షాప్‌కి రిపేరుకి వచ్చింది. ట్యూబ్ రెండు కొసలూ నల్లబడిపోయాయి. స్విచ్ వేస్తే చోక్ సన్నగా జుమ్మంది, మన ఇంట్లోలాగే. ఆ చప్పుడు వినడానికి కాసేపు అలాగే నిలబడిపోయాను.

ఆర్తెలూచేని ఆయన 1973లో ఫ్లోస్ కంపెనీకి అమ్మేశాడు. 1985లో పోయాడు. 2013లో ఫ్లోస్ వాళ్లు ఆయన లైట్లు కొన్ని మళ్లీ తెచ్చారు, అందులో ఇదీ ఉంది. ట్యూబ్ తీసి ఎల్ఈడీ పెట్టారు. ట్యూబ్ లేకపోతే ఇక 1063 ఎలా అవుతుందని ఇక్కడ కొందరి వాదన. నేను ఒప్పుకోను. ఆయన జీవితమంతా కొత్త బల్బు వచ్చినప్పుడల్లా దానికి తగ్గట్టు లైటు ఎలా ఉండాలా అని ఆలోచించిన మనిషి. 1971లో చేసిన 607 అనే టేబుల్ లైటులో హాలోజెన్ బల్బు వాడాడు, అప్పటికి ఇళ్లలో అది కొత్త. ఎల్ఈడీ దొరికి ఉంటే ముందు ఆయనే పట్టుకునేవాడు. పైగా పాదరసం ఉందని యూరప్‌లో మామూలు ట్యూబ్‌లైట్లని 2023లో మార్కెట్‌కి రాకుండా ఆపేశారు.

ఒక్కటి మాత్రం నిజం. ఎల్ఈడీకి రాగి చోక్ అక్కర్లేదు. అడుగున బరువుండటానికి అసలు కారణం పోయి, ఆకారం మిగిలింది. అది నాకు వెలితిగానే ఉంటుంది.

కొనేవాళ్లున్నారు నాన్నా. ధర చెబితే అమ్మ నమ్మదు, అందుకే రాయట్లేదు. పువ్వులూ నగిషీలూ ఏమీ లేకుండా, ఏ భాగం ఎందుకుందో కంటికి కనిపించే వస్తువు కోసం డబ్బు పెడుతున్నారు. అది నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

హాల్లో పాత ఫిట్టింగ్ తీసేసి ఎల్ఈడీ పెడదామని తమ్ముడు అంటున్నాడట. పెట్టించండి, కరెంటు బిల్లు తగ్గుతుంది. చోక్ మాత్రం పాత సామాన్లవాడికి వెయ్యకండి. నేను వచ్చినప్పుడు తెచ్చుకుంటాను, ఇక్కడ వర్క్‌షాప్‌లో మా వాళ్లకి చూపించాలి.

అమ్మకి నమస్కారాలు, తమ్ముడికి ఆశీస్సులు.

మీ అమ్మాయి