తల్లి తాబేళ్లు చనిపోయేది జనవరిలో, వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్‌లో

సంపాదకులు గారికి,

ఏటా జనవరి నుంచి మార్చి నెలాఖరు దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన కోస్తా ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. సరిగ్గా అవే రోజుల్లో బారువ, ఉప్పాడ, సూర్యలంక వంటి చోట్ల చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. 2025 ఆరంభంలో కాకినాడ తీరంలో ఇలాగే జరిగితే రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. ఈ విషయంలో ఒక ముఖ్యమైన సంగతి చర్చకు రావడం లేదని మా బాధ. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది చేపల సంతానోత్పత్తి కోసం పెట్టిన గడువు. ఏప్రిల్ మధ్యకొచ్చేసరికి చాలా తాబేళ్లు గుడ్లు పెట్టి వెళ్లిపోయి ఉంటాయి, లేదా వలలో పడి చనిపోయి ఉంటాయి. నిషేధం ఉంది కదా, తాబేళ్లకు రక్షణ ఉన్నట్టే అనుకోవడం పొరపాటు.

తాబేలు సముద్రంలో బతికినా పీల్చేది గాలినే. ఊపిరి కోసం పైకి తేలక తప్పదు. మరబోటు ట్రాల్ వలను ఒకసారి దించితే రెండు మూడు గంటలు అడుగున ఈడ్చుకుంటూ పోతుంది. అందులో పడిన తాబేలుకు పైకి వచ్చే దారి ఉండదు. ఒడ్డుకు వచ్చిన కళేబరాల్లో చాలావాటి మీద గాయమే కనిపించదు. ఏ దెబ్బా లేదు కాబట్టి జబ్బుతో చచ్చిందనే మాట ఊళ్లలో వినిపిస్తుంది. నీళ్లలో ఊపిరాడక చచ్చిన జీవి మీద గాయం ఎందుకుంటుంది?

ఆడ తాబేలు గుడ్లు పెట్టగానే దూరం వెళ్లిపోదు. ఒకే సీజన్‌లో రెండు మూడు సార్లు పెట్టేవి ఉంటాయి. ఆ మధ్య రోజుల్లో ఒడ్డుకు దగ్గరలోనే తిరుగుతుంది. ట్రాల్ బోట్లు రొయ్యల కోసం వచ్చేదీ ఆ లోతు తక్కువ నీళ్లలోకే. మన రాష్ట్ర సముద్ర మత్స్య క్రమబద్ధీకరణ చట్టం 1994లోనే వచ్చింది. దాని ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపలి సముద్రం తెరచాప, తెడ్డు, చిన్న ఇంజను పడవలది. మరబోట్లు అందులో వల వేయకూడదు. ఈ ఒక్క నియమాన్ని జనవరి నుంచి మార్చి దాకా రాత్రింబవళ్లు గట్టిగా అమలు చేస్తే సగం కష్టం తీరుతుందని మా నమ్మకం. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. పైగా చిన్న పడవల వాళ్లకూ మేలు, ఎందుకంటే ట్రాల్ బోట్లు లోపలికి వచ్చి వాళ్ల వలల్ని కోసుకుపోతున్నాయి. నిషేధాన్ని మరో మూడు నెలలు పొడిగించమని మేము అడగడం లేదు. అలా చేస్తే రోజువారీ వేట మీద బతికే ఇళ్లలో పొయ్యి వెలగదు.

రెండోది ట్రాల్ వలలో తాబేలు తప్పించుకునే పరికరం, బోట్లవాళ్లు టెడ్ అనేది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు సరిపోయేలా దీన్ని రూపొందించింది. సుమారు మీటరు ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పున్న స్టీలు చట్రం, దానికి నిలువు కడ్డీలు. వల చివరి సంచికి ముందు ఏటవాలుగా కుట్టాలి. రొయ్యలు, చిన్న చేపలు కడ్డీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి. తాబేలు కడ్డీలకు తగిలి, ఆ వాలు వెంబడే పైకి జారి, వల ముక్కతో మూసి ఉన్న కంతలోంచి బయట పడుతుంది.

ఇది ఎక్కడ విఫలమవుతుందో కూడా చెప్పాలి. చట్రం వాలు సుమారు 45 డిగ్రీలు ఉండాలి. మరీ నిటారుగా ఉంటే నీటి వేగానికి తాబేలు కడ్డీలకు అదుముకుపోయి అక్కడే చచ్చిపోతుంది. మరీ పడుకున్నట్టుంటే చేపలు కంతలోంచి జారిపోతాయి, బోటు యజమాని ఆ నష్టం చూసి మళ్లీ జన్మలో టెడ్ ముట్టడు. చట్రం బరువుకు సరిపడా తేలే బుడ్లు కట్టకపోతే అది బురదలో దిగి వల మెలికపడుతుంది. నెలల తరబడి వాడాక వల సాగి వాలు మారుతుంది, కాబట్టి అప్పుడప్పుడూ మళ్లీ కొలవాలి. ప్లాస్టిక్ సంచులు, చెట్ల కొమ్మలు కడ్డీలకు అడ్డుపడితే రొయ్యలు కూడా పోతాయి, వల పైకి తీసిన ప్రతిసారీ శుభ్రం చేయాలి. అన్నిటికన్నా పెద్ద సమస్య, హార్బర్‌లో తనిఖీ అవగానే సముద్రంలో కంతను తాడుతో కుట్టేయడం. అందుకే ఒడ్డు మీద చూసి సంతకం పెట్టే తనిఖీతో లాభం లేదు. పడవలో వెళ్లి, వల నీళ్లలోంచి వస్తున్నప్పుడు చూడాలి.

వలలో పడ్డ తాబేలు కదలకపోతే చచ్చిపోయిందని వెంటనే నీళ్లలోకి విసిరేస్తున్నారు. చాలాసార్లు అది స్పృహ తప్పి ఉంటుంది. అలా విసిరేస్తే నిజంగానే మునిగి చస్తుంది. బోల్తా పెట్టకూడదు, పొట్ట కిందకే ఉంచాలి. వెనక భాగం కింద జానెడు ఎత్తున చెక్కో, తాడు చుట్టో పెట్టి తల వైపు కిందికి వాలేలా చేస్తే ఊపిరితిత్తుల్లోని నీళ్లు బయటికి వస్తాయి. నీడలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పాలి, ముక్కు మాత్రం మూయకూడదు. తేరుకోవడానికి నాలుగు గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి ఇరవైనాలుగు గంటలూ పడుతుంది. బాగా కదిలాక ఇంజను ఆపి, నీళ్లకు దగ్గరగా దించాలి. ఇందులో పైసా ఖర్చు లేదు. ప్రతి బోటు క్యాబిన్‌లో బొమ్మలతో ఒక అట్ట వేలాడదీస్తే చాలు. శ్రీకూర్మంలో కూర్మనాథుడికి మొక్కే జాలర్లు ఈ పని చేయమంటే కాదనరు.

ఇక హేచరీల సంగతి, అంటే గుడ్లను తెచ్చి ఇసుకలో పాతి, పిల్లలు బయటికి వచ్చేదాకా కాపాడే చోట్ల సంగతి. అటవీ శాఖ, స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రంతా తీరం వెంట తిరిగి గుడ్లు కాపాడటం గొప్ప పనే. కుక్కలు, నక్కలు తిరిగే తీరాల్లో అది లేకపోతే ఒక్క గూడూ మిగలదు. కానీ అజాగ్రత్త వల్ల గూళ్లకు గూళ్లు పాడవుతున్నాయి. ఒక గూటిలో దాదాపు వంద గుడ్లుంటాయి. పెట్టిన కొద్ది గంటల్లోనే తరలించాలి. తర్వాత పిండం పెంకుకు అంటుకుంటుంది, అప్పుడు గుడ్డు కాస్త దొర్లినా పిండం చచ్చిపోతుంది. ఏ వైపు పైకి ఉందో అదే వైపు ఉంచి, అసలు గూటిలోని తడి ఇసుకతో సహా తేవాలి. గుంట 45 సెంటీమీటర్ల లోతున, మూతి ఇరుకుగా, అడుగు వెడల్పుగా కూజాలా తవ్వాలి. గుంటకూ గుంటకూ మీటరు ఎడం ఉండాలి. నిరుడు వాడిన చోటే మళ్లీ వాడితే మురిగిన గుడ్ల వల్ల బూజు, పురుగు పడతాయి, అందుకే చోటు మార్చాలి. ఇసుక చల్లగా ఉంటే మగ పిల్లలు, వేడిగా ఉంటే ఆడ పిల్లలు పుడతాయి, మరీ కాలితే గుడ్లే చెడిపోతాయి. సరుగుడు తోటల్ని అలల అంచుదాకా నాటితే నీడకు ఇసుక చల్లబడుతుంది, వేళ్లు గూటిలోకి దూరతాయి. గుడ్లు పెట్టే తీరాల్లో కొత్తగా నాటే సరుగుడును వెనక్కి జరపాలి.

45 నుంచి 60 రోజులకు పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి పైకి వస్తాయి. ఆ వేళ వాటి ఒంట్లో ఉన్న శక్తంతా అలలు దాటి లోతు సముద్రానికి ఈదడానికే. పొద్దున అతిథులు వచ్చి ఫొటో దిగేదాకా వాటిని బకెట్లో ఉంచితే ఆ శక్తి అక్కడే ఖర్చయిపోతుంది. పట్టపగలు వదిలితే కాకులు, గద్దలు సిద్ధంగా ఉంటాయి. పైకి వచ్చిన రాత్రే, నీటికి కొన్ని మీటర్ల ఇవతల ఇసుక మీద వదిలి, వాటంతట వాటిని నడవనివ్వాలి. తెల్లటి టార్చి వేయకూడదు. పిల్ల నడిచేది వెలుగున్న దిక్కుకు. చీకటి తీరంలో ఆ దిక్కు సముద్రమే. విశాఖ, భీమిలి బీచ్ రోడ్డు దీపాల వంటివి ఉన్నచోట అది రోడ్డు వైపు మళ్లుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా సముద్రం వైపు వెలుగు పడకుండా ఆ దీపాలకు మూతలు బిగించాలి.

వెయ్యి పిల్లల్లో పెద్దదయ్యేది ఏ ఒకటో అని అంచనా. గుడ్డు పెట్టే వయసు రావడానికి పదేళ్ల పైనే పడుతుంది. ఒక తల్లి వలలో పోతే ఎన్ని బుట్టల పిల్లల్ని వదిలితే ఆ లోటు పూడుతుందో లెక్క వేసుకోవచ్చు.

ఒడ్డుకు వచ్చిన ప్రతి కళేబరాన్నీ నమోదు చేయాలి. తేదీ, ఊరు, డిప్ప పొడవు, ఆడా మగా రాయాలి. మగదాని తోక పొడుగ్గా డిప్ప దాటి బయటికి కనిపిస్తుంది, గుర్తించడం తేలిక. లెక్కించాక డిప్ప మీద రంగుతో గీత గీయాలి, లేకపోతే మర్నాడు పక్క ఊళ్లో మళ్లీ లెక్కలోకి వస్తుంది. కుళ్లకముందే పశువైద్యుడు కోసి చూడాలి, రెండు మూడు రోజులు దాటితే కారణం తేల్చడం కష్టం. ఈ లెక్కను నెలనెలా మత్స్య శాఖ, అటవీ శాఖ కలిసి హార్బర్లలో, తీర పంచాయతీల్లో అతికించాలి. ఏ ఊరి ఎదుట ఏ వారం ఎక్కువ చచ్చాయో తెలిస్తే, గస్తీ పడవ ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం హార్బర్లలో బోట్లకు టెడ్ కొలతలు సరిచూసే పని డిసెంబరులోనే పూర్తి చేయాలని, జనవరి 1 నుంచి 8 కిలోమీటర్ల లోపల గస్తీ పెట్టాలని ఆ రెండు శాఖల్ని కోరుతున్నాము.

ఇట్లు
తీర గ్రామాల తాబేళ్ల సంరక్షణ కార్యకర్తలు
కాకినాడ జిల్లా