మళ్ళీ ఆ ముసలాయన డైరీ

ఒరేయ్ పంతులూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, కోపం పెట్టుకోకు. కుడికన్ను ఆపరేషను, పెద్దాడి ఇల్లు మారడం, మా ఆవిడ మోకాళ్ళు, వీటితోనే సరిపోయింది. ఇప్పుడందరం కులాసా. నువ్వు పంపిన బియ్యం ముట్టాయి. మిగతా కబుర్లు ఫోన్లో. ఇది మాత్రం ఫోన్లో చెబితే గొంతు పట్టేస్తుందని కాగితం తీశాను.

హాస్టల్లో నువ్వు తెచ్చిన, జపాన్ రచయిత తనిజాకి నవల గుర్తుందా? 'పిచ్చి ముసలాడి డైరీ', ఇంగ్లీషు అనువాదం, అట్ట ఊడిపోతే దారంతో కట్టుకున్నాం. రాత్రి ఒంటిగంట దాకా ఒకడి చేతిలోంచి ఒకడు లాక్కుని చదివాం. వార్డెనుగారికి ఆ ముసలాయన పేరే పెట్టావు. ఆ తర్వాత కొబ్బరిచెట్టు సంగతి నీకు నేను రాయక్కర్లేదు.

కంటికి కట్టు విప్పాక మొదట చదివింది అదేరా. ఒక్కచోట నవ్వు రాలేదు.

మనకప్పుడు కనబడింది కోడలి కాళ్ళమీద మోజుపడ్డ 77 ఏళ్ళ ఉత్సుగి ఒక్కడే. డైరీలో సగం రోగమే కదరా! బీపీ ఎంతుంది, ఏ మాత్ర ఎన్ని వేశారు, మెడ ఎముకలు సాగదీసే మంచం, ఎడతెగని చెయ్యినొప్పి. ఆ పేజీలన్నీ తిప్పేసి కోడలు సత్సుకో వచ్చేచోటికి దూకేవాళ్ళం. ఇప్పుడు మా ఆవిడ రోజూ పొద్దున్నే నా బీపీ చూసి పాలలెక్క పుస్తకంలో వెనకపేజీన రాస్తోంది. ఆ అంకె కాస్త పెరిగితే రోజంతా ఇంట్లో ఎవరి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఈసారి ఆ పేజీల దగ్గరే ఆగిపోయాను.

ఇంకోటి అప్పుడు మనకి తెలీదు. 1961 నవంబరు నుంచి 1962 మే దాకా ఇది 'చూవో కోరోన్' పత్రికలో వచ్చేటప్పటికి తనిజాకికి 75 ఏళ్ళు, కుడిచెయ్యి నొప్పితో కలం పట్టలేడు. నోటితో చెప్పి రాయించాడట. పక్కన ఇంకో మనిషి కూచుని రాసుకుంటుంటే ఆ కాళ్ళ గురించీ, ఆ ఏడుపు గురించీ ఎలా చెప్పగలిగాడురా! నావల్ల అయ్యేది కాదు.

ఏడుపంటే, ఆ చోటు తీసి చూడు. నొప్పి భరించలేక పసిపిల్లాడిలా కోడల్ని పేరుపెట్టి పిలుస్తూ నొప్పే నొప్పే అని గోలపెడతాడు. మొదట నాటకం, ఆమెను దగ్గరికి రప్పించుకోడానికి. అరిచి అరిచి చివరికి నిజంగానే ఏడ్చేస్తాడు. ఎక్కడ నాటకం పోయి ఏడుపొచ్చిందో పట్టుకుందామని నాలుగుసార్లు చదివాను, దొరకలేదు.

అలాగని ఆయన్ని వెనకేసుకు రావడం లేదు. కన్నకూతురు అప్పడిగితే లేదన్నాడు, కోడలికి ముప్ఫై లక్షల యెన్ల ఉంగరం కొనిచ్చాడు. అది ఇప్పటికీ మింగుడు పడదు నాకు. కానీ ఇంకో జపాన్ రచయిత కవబాత రాసిన 'నిద్రపోయే అమ్మాయిల ఇల్లు' నవల ఉందే, అదీ అదే కాలంది, 67 ఏళ్ళ ఎగుచి మత్తులో ఉన్న ఆడపిల్లల పక్కన పడుకుని తన గతం తలుచుకుంటాడు. ఆ పిల్లలకి నోరు లేదు, కళ్ళు తెరవరు. వాక్యం ఎంత అందంగా ఉన్నా నాకు ఒళ్ళు చల్లబడిపోతుంది. ఇక్కడ సత్సుకో అలా కాదు. బేరమాడుతుంది, కసురుతుంది, చాల్లే పొమ్మంటుంది. ముసలాయనకి ఏమిస్తే ఎంత రాబట్టొచ్చో తెలిసిన మనిషి. అందుకే ఈ పుస్తకంలో గాలాడుతుంది. నువ్వు ఒప్పుకోవని తెలుసు, నీకెప్పుడూ కవబాతే గొప్ప.

సరే, క్యోటో. ముసలాయన తన సమాధికి చోటు వెతుక్కుంటూ ఆ ఊరు వెళ్ళి, సమాధి పైన పెట్టే రాతిమీద బుద్ధపాదాల బదులు సత్సుకో పాదాలు చెక్కించాలనుకుంటాడు. నారాలో యకుషిజీ గుడిలో 753 నాటి బుద్ధపాదాల రాయి ఉంది, మీ అమరావతి పలకల మీదా ఉన్నాయిగా, ఆ సంప్రదాయమే. తన ఎముకలమీద ఆ పాదాలు నిలబడాలి, ఆ బరువు తనకి తెలియాలి. హోటలు గదిలో ఆమె అరికాళ్ళకి ఎర్రరంగు అద్ది కాగితమ్మీద ముద్రలు తీస్తాడు. సరిగ్గా రాదు, మళ్ళీ అద్దుతాడు, మళ్ళీ ఇంకో కాగితం. పెళ్ళికూతురికి పారాణి పెడుతున్నట్టే ఉందిరా నాకు. పెట్టేది తన చావుకి. మర్నాడు ఆవిడ విసిగిపోయి చెప్పకుండా టోక్యో వెళ్ళిపోయింది.

అక్కణ్ణుంచి డైరీ ఆయన చేతిలో లేదు. నర్సు రాసిన నాలుగు ముక్కలు, డాక్టరు రాసుకున్నవి, కూతురు రాసింది, అంతే. అంతవరకూ చెవిలో గుసగుసలాడిన మనిషి ఒక్కసారిగా పక్కమంచం మీద రోగి అయిపోయాడు. మానసిక వైద్యుడు వచ్చి, ఈయన్ని బతికిస్తున్నది ఆ కోరికేనంటాడు. అటు కోడలికోసం పెరట్లో ఈతకొలను తవ్విస్తున్నారు. ఎండాకాలం పగటిపూట ఆయన బయటికే రాలేడు, డబ్బు దండగ కదా అని మాటొస్తుంది. తవ్వుతుంటే చూసినా చాలు, ఆయన తలనిండా ఊహలేనని ఇంట్లోవాళ్ళే అంటారు.

అక్కడ పుస్తకం మూసేశానురా.

మా నాన్న చివరి ఏడు నీకు తెలుసుగా. మంచం దిగలేడు. ఒకరోజు నన్ను పిలిచి కిర్రుచెప్పులు కుట్టించమన్నాడు. పాదం కొలత తీసుకోమని దుప్పట్లోంచి కాలు బయటపెట్టాడు. వాచిపోయి, గోళ్ళు పసుపుపచ్చగా. నడవలేని మనిషికి చెప్పులెందుకు నాన్నా అన్నాను. కసిరినట్టే అన్నాను. కాలు మళ్ళీ దుప్పట్లోకి లాక్కున్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు. కుట్టించి మంచం పక్కన పెట్టి ఉంటే, ఆ తోలు వాసన...

ఇది మా ఆవిడకి కూడా చెప్పలేదు.

తనిజాకి 1965 జులైలో పోయాడు, 79 నిండిన ఆరు రోజులకి. ఆయన సమాధీ క్యోటోలోనే, హోనెన్-ఇన్ గుడిలో. రాతిమీద పాదాలు లేవు, శాంతం అనే అర్థం వచ్చే ఒక్క అక్షరం. ఆ అక్షరం చూస్తే నాకెందుకో ముసలాయన

ఆటో వచ్చేసింది, కంటి డాక్టరు దగ్గరికి టైమైంది. దార్లోనే పోస్టులో వేస్తాను. పుస్తకం నీ దగ్గర లేకపోతే చెప్పు, నాది పంపుతాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
కొబ్బరిచెట్టు